హౌజులో కలిపిన జాజు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో కుళాయి పొద్దున రెండు గంటలే వస్తుంది. ఆ కాస్సేపట్లో పెరట్లో ఉన్న నీళ్ళ తొట్టి, హౌజు, నింపుకుంటే ఇంటిల్లిపాదికీ రోజంతా వాడకానికి సరిపోతుంది. ఆవేళ వసుమతి చెంబు పట్టుకుని వెళ్ళి చూసేసరికి, నిన్న అంచుదాకా నింపిన హౌజు సగానికి దిగిపోయి ఉంది. సగం ఖాళీ అయ్యేంతగా ఎవరూ వాడలేదు. మరి అన్ని నీళ్ళు ఎటు పోయినట్టు?

ఆమె చూపు పక్కనున్న గోడ మీద పడింది. హౌజుని ఆనుకునే అత్తగారి గది. అదేమో మట్టి గోడ. పైగా వానలు మొదలయ్యాయి. పోయిన వారమే రెండిళ్ళ అవతల ఇలాంటి గోడే కూలింది. నాలుగేళ్ళ కూతురు నర్మద నాన్నమ్మ పక్కలో తప్ప పడుకోదు.

"అమ్మా, నాన్నమ్మ నన్ను గోడవైపు పడుకోనివ్వట్లేదు!" అంటూ అప్పుడే వచ్చింది నర్మద, కళ్ళు నులుముకుంటూ.

"నువ్వుండవే," అని కసిరి, వసుమతి భర్త దగ్గరికి పరుగెత్తింది. "ఏమండీ, హౌజు లోపల గిలాబు పూత పగిలింది. మంచి మేస్త్రీని పిలవాలి."

"సదాశివ బావగారికి కబురు పెడతాను. రేపొచ్చి పైన ఇంకో పూత వేయిస్తారు," అన్నాడు గోపాలరావు, గడ్డం గీసుకుంటూనే.

"పోయినేడు వేయించింది ఆయనేగా! ఏడాది తిరక్కుండానే పగిలింది."

"మెల్లగా! అమ్మ వింటుంది."

సదాశివ గోపాలరావు అక్క కమలకుమారి భర్త. ఆబిడ్స్‌లో కాంట్రాక్టరునని బోర్డు పెట్టుకున్నాడు. రాజధాని కర్నూలు నుంచి మారి, గోపాలరావు ఆఫీసుతో పాటు వీళ్ళూ హైదరాబాదులో దిగినప్పుడు ఈ ఇల్లు చూసిపెట్టింది ఆయనే. అలాంటి అల్లుణ్ణి కాదంటే అత్తగారు సుబ్బరత్నమ్మ ఊరుకుంటుందా? ఇల్లు పీకి పందిరేస్తుంది!

అయినా వసుమతికి మనసు ఆగలేదు. భర్త బషీర్‌బాగ్ ఆఫీసుకి వెళ్ళగానే ముసలి మేస్త్రీ మొగులయ్యని పిలిపించింది. అతను హౌజులోకి వంగి, లోపలి గోడని వేళ్ళతో తట్టి చూశాడు.

"ఏం పూతమ్మా గిది! దీని మీద ఇంకోటి ఏస్తె ఏం ఫాయిదా లేదు. అంతా గీకి తియ్యాలె. డంగు సున్నం ఏసి వారం రోజులు తడుపుతనే ఉండాలె."

"నీళ్ళు ఎటు పోతున్నాయంటావు మొగులయ్యా?"

సంచిలోంచి ఎర్రటి జాజు గడ్డ తీసి, పొడిచేసి హౌజు నీళ్ళలో కలిపాడతను. "జర ఓపిక పట్టు. రేపు పొద్దుగాల ఏడ ఎర్రగ కనవడితే గాడికి వోతున్నట్టు."

మర్నాడు సదాశివ రానే వచ్చాడు. హౌజులో ఎర్ర నీళ్ళు చూడగానే ముఖం కందగడ్డ అయింది.

"ఎవడో దారిన పోయేవాడితో నా పని పరీక్ష చేయిస్తావా గోపాలం?"

"నాకేం తెలీదు బావగారూ! వసూ, ఏమిటిది?"

"నేనే పిలిచానండీ," అంది వసుమతి. "జాజు ఎటు తేలిందో చూడాలి."

పెరడంతా వెతికింది. ఎక్కడా లేదు. ఇక మిగిలింది అత్తగారి గది. అటు నడిచేసరికి సుబ్బరత్నమ్మ గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"నా గదిలో తడీ లేదు, గిడీ లేదు. పో అవతలికి!"

పెళ్ళయిన ఆరేళ్ళలో వసుమతి అత్తగారి మాట జవదాటలేదు. ఆవేళ మాత్రం ఆ చేయి పక్కకి తీసి లోపలికి వెళ్ళింది. మంచం పక్కనున్న ట్రంకు పెట్టెని బలమంతా పెట్టి లాగింది.

అయ్యో! గోడ మొదట్లో అంతా పాత చీర ముక్కలు కుక్కి ఉన్నాయి. తడిసి ముద్దయి, ఎర్రగా ఉన్నాయి. పైన గోడ జానెడు ఉబ్బి ఉంది.

సుబ్బరత్నమ్మ మంచం మీద కూలబడింది.

"నెల్లాళ్ళుగా తెలుసే నాకు," అంది. "రోజూ గుడ్డలు పిండి మళ్ళీ కుక్కుతున్నాను. చెబితే వీడు బావ మీదకి వెళతాడు. ఆయన ఆ కోపం మా కమల మీద తీర్చుకుంటాడు."

"మరి పాప, అత్తయ్యా? పాప ఇక్కడే కదా పడుకునేది!"

"వేరే పడుకోబెడితే ఎందుకని అడుగుతారుగా. అందుకే గోడవైపు నేను పడుకున్నాను. పడితే ముందు నా మీదే పడుతుందని."

వసుమతి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

సదాశివ తల వంచుకున్నాడు. "సిమెంటు దొరక్క ఇసుక ఎక్కువ కలిపించాను అత్తయ్యగారూ. ఇంత పని అవుతుందనుకోలేదు."

"అల్లుడుగారూ, కమలని మాత్రం ఏమీ అనకండి."

"నా తప్పుకి దాన్నెందుకంటాను?" అని ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకుని, వసుమతి వైపు తిరిగాడు. "ఆ మేస్త్రీనే పిలవమ్మా. ముందు హౌజు ఖాళీ చేయిద్దాం. గోడ పడకుండా నేను దుంగలతో పోట్లు పెట్టిస్తాను."

గోపాలరావు అప్పటికే తల్లి మంచం ముందు గదిలోకి మోస్తున్నాడు. మంచం గోడ వారగా వేయగానే నర్మద ఎక్కి కూర్చుంది.

"నాన్నమ్మా, ఇక్కడ గోడవైపు నేను పడుకోవచ్చా?"

సుబ్బరత్నమ్మ ఆ గది గోడ మీద అరచేయి ఆనించి చూసింది. పొడిగా ఉంది. ఇంకోచోట కూడా ఆనించి చూసింది.

"పడుకోవే నా తల్లీ," అంది, పిల్లని దగ్గరికి లాక్కుని.