పందెంలో పోయిన చోటు

ఉషకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. చీపురుపల్లి చేపల బజారులో తన అత్త తాతమ్మ ముప్ఫై ఏళ్లుగా కూర్చున్న చోటు తన మూలంగానే పోయిందని ఆ అత్తకు ఏనాటికైనా తెలిసిపోతుందేమోనని. మొగుడు యుగంధర్ పేకాటలో ఆ చోటును పందెం కట్టి ఓడిపోయాడన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఎలా ఓడిపోయాడో మాత్రం ఇంట్లో ఇద్దరికే తెలుసని ఆమె నమ్మకం... యుగంధర్‌కు, తనకు.

ఆ రెండో సంగతిని అతను గూట్లో దాచుకున్న కత్తిలా వాడుకుంటున్నాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా అంతే. అతను చొక్కా తొడుక్కుంటుంటే ఉష గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మల్లీ అయిసు షెడ్డుకేనా మావా?"

"ఒక్క పాలి ఆడి వచ్చేత్తాను. పోయిందాన్ని తెచ్చుకోవద్దా?"

"ఒద్దు మావా. నీకు దండం పెడతాను."

"అడ్డు తప్పుకో. నేదంటే అమ్మకి సెప్పీమంటావా? ఎవులి మూలంగా పోయిందో సెప్పీమంటావా?"

ఉష తప్పుకుంది. రెండు నెలలుగా అలాగే తప్పుకుంటోంది. చంకలో ఉన్న నాలుగేళ్ల తులసి, "నాన్న ఎక్కడికెల్తన్నాడమ్మా?" అని అడిగితే పిల్ల తలను భుజానికి అదుముకుంది.

ఇదంతా ఏప్రిల్ నెలలో మొదలైంది. వేట నిషేధం పెట్టి, సముద్రపు ఒడ్డున ఉన్న వాళ్ల ఊళ్లో పడవలన్నీ ఒడ్డెక్కిన రోజులు. కిందటేడు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికి వెళ్లినప్పుడు యుగంధర్ అక్కడ పోకర్ అనే ఆట నేర్చుకొచ్చాడు. పని లేని మొగుడు బయట ఎవరితో తిరుగుతాడో అని బెంగపడుతున్న ఉషకు, అతను గచ్చు మీద పేకముక్కలు పరిచి "రా కూకో, నేర్పుతాను" అంటే ఎంత సంతోషమేసిందో! మనిషి ఇంట్లో ఉంటాడు కదా... అంతకంటే ఏం కావాలి? డబ్బులు కాదు, చింతపిక్కలే పందెం. ఇద్దరి ముందూ చెరో గుప్పెడు పిక్కలు.

"సూడు ఉసా, ఇది మూడు ముక్కలాట కాదు. మనిసికి రెండే ముక్కలు. అవి నువ్వు తప్ప ఎవులూ సూడకూడదు. ముక్కలు సూడకముందే ఇద్దరు పందెం కట్టీయాల. ఒకడు చిన్నది, ఆడి పక్కోడు దానికి రెట్టింపు. వాటిని బ్లైండ్లంటారు."

"సూడకుండా కట్టడమేటి మావా, గుడ్డోలా?"

"అందుకే ఆ పేరే. తర్వాత రెండు ముక్కలూ సూసుకుంటావు. ముందోడు కట్టినంతా కడితే కాల్. పెంచితే రైజ్. నీకొద్దనుకుంటే ముక్కలు పారేయ్, అది ఫోల్డ్. అప్పుడు నడిమిన మూడు ముక్కలు తిప్పి పెడతారు, అందరూ సూసేలాగ. మల్లీ పందెం. నాలుగోది పెడతారు, పందెం. అయిదోది పెడతారు, ఆకరి పందెం. నీ దగ్గరున్న రెండూ, నడిమిన అయిదూ. ఆ ఏడింట్లో మంచివి అయిదు ఏరుకోవాల."

జత కంటే రెండు జతలు గొప్ప. వాటికంటే ఒకే రకం మూడు గొప్ప. దానికంటే అయిదు ముక్కల వరస. వరస కంటే అయిదూ ఒకే గుర్తువి, అంటే అన్నీ ఇస్పేట్లో, అన్నీ ఆఠీన్లో. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించేసిన ఉషకు ఇవన్నీ మూడు రోజుల్లో నోటికొచ్చేశాయి. ఒడ్డున చేపల వేలంపాటలో గంప మీద మనసున్నా లేనట్టు నిలబడటం, పాట దాటిపోతే వెనక్కి తగ్గడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇదీ అలాంటిదే అనిపించింది. నాలుగో రోజుకల్లా యుగంధర్ పిక్కలన్నీ ఆమె ఒళ్లోకి వచ్చేశాయి.

"నీకు బుర్రుందే ఉసా," అన్నాడు అతను.

ఆ మాట తల్లి అనలేదు, టీచరు అనలేదు. మొగుడు అన్నాడు. ఆ పొద్దంతా ఆమె చేపలు తోముతూ తనలో తనే నవ్వుకుంది. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది...

"ముక్కల్లో ఏటీ నేకపోయినా పెంచొచ్చు," అని కూడా అతనే నేర్పాడు. "నీ దగ్గర పెద్దదేదో ఉందని ఎదుటోడు బయపడి ఒగ్గేత్తాడు. దాన్ని బ్లఫ్ అంటారు."

"అంటే అబద్దం."

"అబద్దం కాదే, ఆట."

పది రోజుల్లో చింతపిక్కలు అతనికి చప్పబడ్డాయి. ఐసు వ్యాపారం చేసే పృథ్వీరాజ్ షెడ్డులో ముగ్గురు పేకాటకు కూర్చుంటున్నారని తెలిసి అటు వెళ్లాడు. అక్కడ పిక్కలు లేవు. మొదట చిల్లర, తర్వాత నోట్లు, తర్వాత చేతి గడియారం. పృథ్వీరాజ్‌కు యుగంధర్ గడియారం మీద ఆశ లేదు. బజారులో మలుపు దగ్గర, రేకు నీడ పడే తాతమ్మ చోటు మీద ఆశ. తన భార్యను అక్కడ కూర్చోబెట్టాలని ఏడాదిగా అడుగుతున్నాడు. తాతమ్మకు సంతకం రాదు కాబట్టి బజారు పన్ను రాసుకునే ఆశీలు పుస్తకంలో ఆ చోటు కొడుకు పేరు మీద ఉంది. ఆ సంగతి పృథ్వీరాజ్‌కు తెలుసు.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం తాతమ్మే కోడలి చేతికి క్యారేజీ ఇచ్చింది. "ఆడు పొద్దున్నుంచీ ఏటీ తిన్నేదు. అట్టుకెల్లి ఇచ్చీసి బేగి రా."

ఉష వెళ్లేసరికి షెడ్డులో చప్పుడు లేదు. మిగతా ఇద్దరూ ముక్కలు పారేసి కూర్చున్నారు. నడుమ అయిదు ముక్కలూ తెరిచి ఉన్నాయి. ఇస్పేటు రాజు, ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు నాలుగు, పక్కన ఆఠీను ఏడు, డైమను రెండు. యుగంధర్ తన దగ్గరున్నదంతా ముందుకు తోసేశాడు. అది చాలక ఒక కాగితం కూడా తోశాడు. బజారు చోటు రాసిచ్చిన కాగితం!

పృథ్వీరాజ్ ముక్కలు పారేయబోతున్నాడు. అతని దగ్గరున్నది రాజుల జత మాత్రమే. యుగంధర్ దగ్గర రెండు ఇస్పేట్లు ఉంటే అయిదూ ఇస్పేట్లే అవుతాయి, జత ఎందుకూ పనికిరాదు. చెయ్యి సగం లేచింది కూడా...

అప్పుడు ఉష మొగుడి వెనక నిలబడి అతని రెండు ముక్కలూ చూసింది. ఆఠీను జాకీ. కళావరు ఆరు. ఒక్క ఇస్పేటు లేదు. జత లేదు, వరస లేదు. ఏమీ లేదు. ఏమీ లేకుండా అత్త కూర్చునే చోటును తోసేశాడు... ఆమె చెయ్యి దానంతటదే నోటి మీదికి వెళ్లింది.

పృథ్వీరాజ్ తలెత్తాడు. యుగంధర్‌ను చూడలేదు. అతని తల మీదుగా ఉష ముఖం చూశాడు. లేచిన చేతిని నెమ్మదిగా దించి, "కాల్," అన్నాడు. అతని చూపు ఎటుందో చూసి యుగంధర్ కూడా వెనక్కి తిరిగాడు.

ఆట తెలియని ఆడదై ఉంటే ఆ రెండు ముక్కలూ ఆమెకు రెండు బొమ్మలే. ముఖంలో ఏమీ ఉండేది కాదు. పృథ్వీరాజ్ భయపడి తప్పుకునేవాడు. మొగుణ్ణి ఇంట్లో ఉంచుకోవాలని నేర్చుకున్న ఆటే అత్త చోటును తీసుకుపోయింది!

అవన్నీ ఆ ఆదివారం మళ్లీ కళ్ల ముందు తిరుగుతుంటే, యుగంధర్ చెప్పులు వేసుకుంటుంటే, పెరటి వైపు నుంచి తాతమ్మ గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చిందో, ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది.

"సెప్పరా. ఏటి సెప్తావో సెప్పు."

ఉష తులసిని దించి, వెళ్లి అత్త ముందు కూలబడింది.

"అత్తా... నాను సూసాను. ఆయన ముక్కలు సూసి నా ముకం మారిపోనాది. అది సూసే ఆడు కాల్ కొట్టినాడు. నీ చోటు నానే..."

"తెల్సు."

ఉష తలెత్తింది.

"ఆ మర్నాడే తెల్సు. పృథ్వీరాజ్ పెల్లాం నా చోట్లో కూకొని బజారంతటికీ సెప్పుకున్నాది. ఉస ముకం సూసి మా ఆయన గెలిసీసినాడంటే అందరూ నవ్వుకున్నారు."

"తెలిసీ రెండు నెల్లు నన్నొక్క మాట అడగనేదేటత్తా?"

"అడిగితే నువ్వేడుస్తావు. నువ్వేడిస్తే తులసి గుంట ఏడుస్తాది. ఇద్దర్నీ ఊరుకోబెట్టేసరికి నాకు సేపలట్టుకెల్లే ఆటో ఎల్లిపోతాది."

అంతవరకే అని, కొడుకు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"దాని ముకం ఓడిపోనేదురా. అమ్మ చోటు పోతాదని ఆ ఒక్కద్దానికే బయమేసినాది. నీకు ఎయ్యనేదు. ఇంక ఆ మాట అట్టుకొని దాన్ని బెదిరించకు. ఆ ముక్క సెల్లిపోనాది."

యుగంధర్ వెళ్లిపోయాడు... షెడ్డుకే వెళ్లాడు. మనుషులు ఒక్క మాటకు మారిపోతారని ఉష ఇప్పుడు అనుకోవడం లేదు. కానీ ఆ రోజు నుంచి "అమ్మకి సెప్పీమంటావా" అన్న మాట ఆ ఇంట్లో లేదు. ఇప్పుడు అడ్డం నిలబడితే ఉష తప్పుకోవడం లేదు. కొన్నిసార్లు అతను తోసుకుని వెళ్తాడు, కొన్నిసార్లు ఆగిపోతాడు.

చోటు మాత్రం తిరిగి రాలేదు. రేకు నీడ లేదు కాబట్టి తాతమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని చీపురుపల్లి పక్కనున్న గరివిడి వీధుల్లో తిరిగి అమ్ముతోంది. అరవై ఏళ్ల మనిషి. ఎడమ కాలు ఈడుస్తోందని ఉషకు అనుమానం. రాత్రి అరికాలు చూద్దామని పోతే చీర కప్పేసుకుంటుంది. "ఏటీ నేదే, పడుకో," అంటుంది. ఆ ముఖంలో ఏమీ కనిపించదు. ఆ ముఖాన్ని చదవడం ఉషకు ఏ ఆటా నేర్పలేదు.

అమ్మా, మీలో ఎవరైనా గరివిడిలో ఉంటే, పొద్దున్న పది దాటాక "నెత్తల్లో... కవ్వల్లో..." అని చేపల పేర్లు కేకేస్తూ ఒక ముసలి గొంతు మీ వీధిలో వినిపిస్తే, దయచేసి ఒక్కసారి తలుపు తియ్యండి. కొనకపోయినా పరవాలేదు. తట్ట దింపించి నీడలో కూర్చోబెట్టి, ఆ ఎడమ కాలు చూడండి. బాగానే ఉందని తాతమ్మ చెబుతుంది. నమ్మకండి... చూడండి.