ముప్పై ఏడు దాటితే

"కాఫీ ఎండిందా?" చెవిలో చీఫ్ ఫణీంద్ర గొంతు.

"ఇంకా పచ్చిగానే ఉంది సార్," అన్నాడు ఫల్గుణ. కోడ్ సరిపోయింది. మిషన్ పూర్తయిన రోజు ఎండిందని చెప్పాలి.

అరకు బస్టాండులో గోనెసంచుల పక్కన, కాఫీ గింజలు కొనే దళారీ వేషంలో ఉన్నాడతను. పెట్టుడు మీసంలో మైకుంది. చైత్రమాసపు చెమటకి ఆ మీసం ఓ పక్క లేచిపోతోంది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆరు దేశాలు, పదకొండు పేర్లు. ఈసారి ఇక్కడికి పంపింది ఈ కొండల్లో పుట్టినవాడని. ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదన్నది మొదటి ఆర్డర్. సొంత ఊళ్లో పరాయివాడిగా తిరగడం ఎలా ఉంటుందో ఆర్డర్లు రాసేవాళ్లని ఎవరూ పంపి చూడలేదు.

"బ్రీఫింగ్ విను. డాక్టర్ సత్యకుమారి, మైక్రోబయాలజిస్టు. బ్యాక్టీరియా కణం రెండుగా ఎలా విడిపోతుంది, దాన్ని ఏ జీన్ నడిపిస్తుంది అని ఇరవై ఏళ్లుగా పని చేస్తోంది. బొర్రా దగ్గరి మట్టిలో ఆవిడకో రకం దొరికింది. దాని గుట్టు తెలిస్తే, ఇవాళ ఏ మందుకీ లొంగని జబ్బులకి మందు తయారవుతుంది. ఒక విదేశీ ముఠా వెంటపడింది. మొన్న ఎవరో ఆవిడ ఫ్రీజర్ వైర్లు కోసేశారు. దాచినవన్నీ పోయాయి. బతికున్న ట్యూబు ఒక్కటే."

"ముఠాకి అది బతికుండాలా?"

"అక్కర్లేదు. చచ్చినా డీఎన్ఏ చాలు వాళ్లకి. బతికుండాల్సింది మనకి. వాళ్ల మనిషి ఆ ఇంట్లోనే ఉంది. వెళ్లు."

కాఫీ తోట చివర రేకుల ఇల్లు. ఖాళీ ర్యాకు ముందు కూర్చుని ఉంది సత్యకుమారి. యాభై ఎనిమిదేళ్లుంటాయి.

"పావుగంట ఆలస్యంగా వచ్చారు మీరు," అంది. "మాధవి తొమ్మిదిన్నరకే కారెక్కింది. ట్యూబు ఫ్లాస్కులో పెట్టుకుంది."

మాధవి ఆవిడ అసిస్టెంటు. పట్టుచీరతో ల్యాబు పని చేసే మనిషి ఈ మన్యం మొత్తానికి ఆమె ఒక్కతే. తోట కూలీలు గోడ మీంచి తొంగి చూసేవారట.

"ఆమే అని తెలుసా మీకు?"

"జనవరి నుంచీ తెలుసు. నా నోట్‌బుక్కులు ఫొటోలు తీసేది."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తీసుకెళ్లిపోయేవారుగా." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆ పిల్ల వచ్చేదాకా ఈ ఇంట్లో ఒక్క కంచమే బయటికొచ్చేది. రోజూ సాయంత్రం ఇద్దరం పక్కపక్కనే కూర్చుని మైక్రోస్కోపు చూసేవాళ్లం. ఫ్రీజర్ దాకా వెళ్తుందనుకోలేదు. తప్పు నాదే."

ఫల్గుణ గడియారం చూసుకున్నాడు.

"ఫ్లాస్కులో ఐసుందా?"

"ఐసెక్కడిది? ఫ్రీజర్ తనే పాడుచేసిందిగా. కారు ఏసీని నమ్ముకుంది. వేడి ముప్పై ఏడు దాటితే ఆ కణాలు విడిపోవడం మానేస్తాయి. వెంటనే చావవు. పెరుగుతూనే ఉంటాయి. ఒక్కొక్కటీ ఒంటరిగా దారంలా సాగి, సాగి, చివరికి తెగిపోతుంది. అప్పుడు నాకింకేం మిగలదు."

ఎందుకో ఫల్గుణకి తన పదకొండు పేర్లూ గుర్తొచ్చాయి. బైకు స్టార్ట్ చేశాడు.

"ఘాట్‌రోడ్డు మూయించాలంటే గంట పడుతుంది!" చెవిలో ఫణీంద్ర అరిచాడు. "తప్పించుకుంటుందయ్యా!"

"ఎక్కడికీ పోదు సార్. ఇవాళ ఇటుకల పండగ."

"అయితే?"

"మగాళ్లంతా అడవిలోకి వేటకెళ్తారు. వాళ్లు తిరిగొచ్చేదాకా రోడ్డు ఆడవాళ్లది."

అనంతగిరి దిగుడు మొదట్లో రోడ్డుకి అడ్డంగా వెదురుగడ. దాని వెనక పాతికమంది ఆడవాళ్లు నడుముల చుట్టూ చేతులేసుకుని థింసా ఆడుతున్నారు. తెల్ల కారు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. దాని డ్రైవరు వరస మధ్యలో చిక్కుకుని తప్పటడుగులు వేస్తున్నాడు.

గడ పట్టుకున్న పెద్దామె సోని. ఫల్గుణ తల్లికి చెల్లెలు.

"ఏటి బాబూ, దిగు. ఆడకపోతే ఎల్లనివ్వం."

"ఈ కారులో ఆవిడేది?"

"ఆ పట్టుసీర గుంటా? నోట్లకట్ట సూపించినాది. ఆడమన్నాం, ఆడనంది. తాళం లాగేసినాను." రొంటిన దోపుకున్న తాళం చూపించి నవ్వింది. "ఎండకి కారు పొయ్యయిపోనాది. గెడ్డలోకి దిగిపోనాది పాపం." ఉన్నట్టుండి అతని మొహంలోకి పరీక్షగా చూసింది. "నువ్వు మా మంగ్లు బావ కొడుకువి కాదేటి?"

"కాదమ్మా. చింతపల్లి దళారీని."

పిన్నీ అనాల్సిన మనిషిని అమ్మా అన్నాడు.

రోడ్డు పక్క గెడ్డలో, మోకాలి లోతు వాగునీళ్లలో నిలబడి ఉంది మాధవి. పట్టుచీర సగం తడిసింది. ఎడమచేతిలో పిస్తోలు. కుడిచేయి నీళ్లలో ఉంది, ఆ చేతిలో ట్యూబు. రాతి మీద ఫోను ఆగకుండా మోగుతోంది.

"దగ్గరికి రాకు," అంది. "కింద మలుపులో మా జీపుంది. నడిస్తే ఐదు నిమిషాలు."

"మరి నడవలేదేం?"

ఆమె ట్యూబుని నీళ్లలో ఇంకాస్త లోతుకి దించింది.

"చచ్చినా మీవాళ్లకి పనికొస్తుందిగా," అన్నాడు ఫల్గుణ.

"కారులో ట్యూబు వేడి ముప్పై ఆరున్నరకి వెళ్లింది." ఆమె చూపు ట్యూబు మీంచి కదల్లేదు. "ఇంకో అర డిగ్రీ అయితే అయిపోయేది. చేత్తో పట్టుకుని ఈ ఎండలో నడిస్తే... ఆవిడకి ఇదొక్కటేగా ఉంది."

పైన రోడ్డు మీదికి ఆ జీపే వచ్చినట్టుంది, హారను వినిపించింది. దిగనంటున్న ఇద్దరి కేకలు, వెంటనే ఆడవాళ్ల నవ్వులు.

మాధవి పిస్తోలు అతని గుండెకి గురిపెట్టింది. "ఆవిడేమంది?"

"నువ్వొచ్చేదాకా ఒక్క కంచమే బయటికొచ్చేదంది."

పిస్తోలు చప్పుడు లేకుండా నీళ్లలోకి జారింది. "పట్టుకో. చల్లబడేదాకా పైకి తియ్యకు," అని మొహం తిప్పుకుంది మాధవి.

పోలీసులొచ్చేసరికి జీపు మనుషులిద్దరూ ఇంకా థింసా ఆడుతున్నారు. అరెస్టంటే వాళ్లకి ప్రాణం లేచొచ్చిందట.

తడిగుడ్డలో చుట్టి తెచ్చిన ట్యూబుని అందుకుంటూ సత్యకుమారి అడిగిన మొదటి మాట, "అన్నం తిందా అది?"

"స్టేషన్లో పెడతారండీ."

"బయటి అన్నం దానికి పడదు." సాయంత్రం దాకా మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు. "విడిపోతున్నాయి," అంది చివరికి. ఆ మాట ఇంత సంతోషంగా అన్న మనిషిని ఫల్గుణ ఎప్పుడూ చూడలేదు. అలవాటు చొప్పున రెండు కంచాలు తీసింది. తీశాక ఒకటి వెనక్కి పెట్టబోయింది. ఫల్గుణ వెళ్లి దాని ముందు కూర్చున్నాడు.

"కాఫీ ఎండిందా?" అడిగాడు ఫణీంద్ర.

"ఇంకా పచ్చిగానే ఉంది సార్. ఆదివారం దాకా ఉండాలి. ప్రమాదముంది."

"ముఠా అంతా దొరికింది కదయ్యా! ఇంకేం ప్రమాదం?"

"కరెంటు కోతలు సార్," అని ఫల్గుణ మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు.