ఖైతాన్‌లో కుంపటి

కువైట్‌లో చలి వేస్తుందంటే నరసాపురంలో ఎవరూ నమ్మలేదు. ఎండల దేశంలో చలేమిటి, చలిమిడేమో అని నవ్వారు. ఆ జనవరి ఉదయం ఖైతాన్‌లో కొడుకు ఫ్లాట్‌లో కరుణమ్మ పళ్ళు మాత్రం కటకటమని తాళం వేస్తున్నాయి. కొడుకు జోనాథన్ పాలకోసం కిందికి వెళ్ళాడు. కోడలు జాయ్సీ నర్సు. ఆమెది నైట్ డ్యూటీ, మనవరాల్ని చూసుకునే అత్తగారిది లైట్ డ్యూటీ.

పసిగుడ్డు నిస్సీ చేతులు చల్లగా తగిలేసరికి ఆ లైట్ కాస్తా బరువెక్కింది. సాంబ్రాణి మూకుడులో బొగ్గులు రాజేసి ఉయ్యాల పక్కన పెట్టింది కరుణమ్మ. కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కి, తలుపు బిగించింది. కుంపటి లేకుండా వాళ్ళవైపు ఏ బిడ్డ పెరిగింది గనుక? కాసేపటికి కణతలు అదిరాయి. రాత్రి నిద్ర చాలలేదనుకుని గోడకు జారబడింది.

డ్యూటీ దిగి వచ్చిన జాయ్సీ గది తలుపు తీస్తూనే కేక పెట్టింది. బిడ్డను ఎత్తుకుని, అత్తగారి రెక్క పట్టుకుని హాల్లోకి లాగింది. కిటికీలన్నీ బార్లా తెరిచింది.

"బొగ్గులు పెట్టి తలుపులేస్తారా అత్తయ్యా? ప్రాణాలు పోతాయి!"

"జోనాథన్ని కుంపటి పక్కనే పెంచానే! ఆడు పోయాడా?"

"అది పెంకుటిల్లు, సందుసందుకీ గాలి. ఇది మూత బిగించిన డబ్బా! వాసన కూడా రాని విషం అది. నిద్రలోనే ఖలాస్!"

"అంటే నా మనవరాల్ని నేనే చంపబోయానంటావా?" గుమ్మంలోకి వచ్చిన కొడుకును చూడగానే కరుణమ్మ కళ్ళు నిండాయి. "ఒరేయ్, టిక్కెట్ తియ్యరా. నేనిక్కడ ఉండను."

"ముందు చెప్పులేసుకోమ్మా. ఆసుపత్రికి."

ఆసుపత్రిలో నాయనమ్మకూ మనవరాలికీ ఆక్సిజన్ పెట్టారు. రక్తం పరీక్షించిన డాక్టరు, వేళకు బయటపడ్డారు, ఇక భయం లేదన్నాడు. కుంపటి కొంప ముంచుతుందని కరుణమ్మకు అప్పుడు అర్థమైంది. అయినా కోడలు అరిచిన అరుపు గుండెలో రాజుకుంటూనే ఉంది.

ఇంటికి తిరిగొచ్చేసరికి ఇల్లు మంచుగడ్డ.

"అసలు మనింట్లో వేడికి ఏం పెట్టాడీ ఇల్లు కట్టినోడు?" అంటూ జోనాథన్ నడుం కట్టాడు. ఉద్యోగంలో షుఐబా ఊరి ఫ్యాక్టరీ పైపులన్నీ తడిమినవాడు సొంత గోడలు ఎన్నడూ తడమలేదు. గోడలకు వేడినీటి గొట్టాల్లేవు. గదుల్లోకి గ్యాస్ లైను లేదు. మిగిలింది సీలింగ్‌లో ఏసీ గాలి వచ్చే జాలీ. "ఉంటే గింటే ఇందులోనే ఉండాలి." ఏసీ అంటే చల్లదనమేనని నమ్మి, ఎండలు పోగానే దాన్ని ఆపేసే ఇల్లు అది. గోడమీది మీట పక్కన ఎవరో అంటించిన టేపును గోటితో గీకాడు. కింద వేడి గుర్తుగా ఎర్రచుక్క బయటపడింది. మీటను అటు జరిపాడు.

ముందు మాడు వాసన వచ్చింది.

"ఆపరా! మళ్ళీ నిప్పే!" కరుణమ్మ బిడ్డకు అడ్డంగా నిలబడింది.

"నిప్పు కాదత్తయ్యా," అంది జాయ్సీ. "లోపల కరెంటు తీగ వేడెక్కి, పాత దుమ్ము మాడుతోంది. ఇందులో బొగ్గూ లేదు, విషమూ లేదు."

వాసన పోయింది. తర్వాత పైనుంచి ఒక వెచ్చటి ఊపిరి మెల్లగా దిగింది. ఎండలప్పుడు, కరుణమ్మ వచ్చిన కొత్తలో చలిగాలి ఊదిన నోరే అది! పొయ్యి లేదు, పొగ లేదు, బూడిద లేదు. కరుణమ్మ రెండు చేతులూ పైకెత్తి, ప్రార్థనలో ఉన్నట్టు అలాగే నిలబడిపోయింది.

ఎత్తిన చేతుల్లో ఒకదాన్ని జాయ్సీ కిందికి దించి నాడి చూసింది. "తలనొప్పి తగ్గిందా?"

"పాపను చూసుకో. నాదేముంది?"

"పాప కోసమే అరిచాననుకున్నారా?" జాయ్సీ ఆ చెయ్యి వదల్లేదు. "తలుపు తియ్యగానే ముందు మీరే కనబడ్డారు. గోడకి జారబడి, కళ్ళు మూసుకుని... పిలిస్తే పలుకుతారో లేదోనని..."

వెచ్చదనం ఇప్పుడు ఏ జాలీలోంచి వస్తోందో కరుణమ్మకు తెలియలేదు. కోడలి చెంప తుడిచి, తన కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయింది.

"పొద్దున సరిగ్గా వినలేదే, అమ్మాయ్," అంది. "మళ్ళీ ఓసారి తిట్టు."