పన్నెండో పేజీ

"పదకొండు మంది, శాంసన్. సరిహద్దు అవతల పనిచేస్తున్న మన ఏజెంట్లు. మధ్యాహ్నం పన్నెండింటికి వాళ్ల పేర్లు శత్రువు చేతిలో పడతాయి."

నంద్యాలలో విత్తనాల దుకాణం వెనక గది. చీఫ్ గొంతులో తొందర తప్ప భయం లేదు. భయమంతా శాంసన్‌దే. ఆ పదకొండు మందిలో దేవదానం అతని సొంత తమ్ముడు.

"ఎలా చేరతాయి సార్?"

"ఆళ్లగడ్డ శిల్పి శేషయ్యకు ఒక వెబ్‌సైట్ ఉంది. విగ్రహాల కొలతలు పీడీఎఫ్‌లుగా పెడతాడు, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆ సైట్ తయారుచేసి ఇచ్చింది లూదియా."

"మన లూదియానా?"

"వాళ్లకూ పనిచేస్తోందని రాత్రే తేలింది. నరసింహస్వామి ఫైల్లో పన్నెండో పేజీ కన్ను బొమ్మ. ఆ సన్నటి గీతల్లో పేర్లు దాచి, అప్‌లోడ్ చేయమని శేషయ్యకు పెన్‌డ్రైవ్ ఇచ్చింది. సర్వర్ విదేశంలో ఉంది, మనం ఆపలేం. వాళ్లు దించుకునేలోగా వెళ్లి ఆ ఫైల్ తీయించు."

పదకొండూ నలభైకి శాంసన్ గుడి కమిటీ మెంబరు వేషంలో, నుదుట విభూతితో, ఆళ్లగడ్డలో శేషయ్య షెడ్డులో అడుగుపెట్టాడు. పెద్దాయన వెనకవైపు రాయి చెక్కుతున్నాడు. ముందు గదిలో, కంప్యూటర్ దగ్గర, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని లూదియా కూర్చుని ఉంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ మూతి తొంగిచూస్తోంది.

"కూర్చో శాంసన్. విభూతి బాగుంది. సైట్ పాస్‌వర్డ్ పొద్దున్నే మార్చేశాను."

శాంసన్ చేతి గడియారంలో సిగ్నళ్లను ఆపే జామర్ ఉంది. మెల్లగా బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. లోపలంతా రాతిపొడి. డిపార్టుమెంటు వాళ్లిచ్చిన సామాను ఎప్పుడు పనిచేసింది గనక!

"లూదియా, అందులో మా తమ్ముడున్నాడు."

"తెలుసు."

పన్నెండయింది. అవతలివాళ్లు ఫైల్ దించుకుంటున్న గీత ఆమె ఫోన్‌లో కదులుతోంది. అరవై. ఎనభై. అన్నిటికీ ఎదురెళ్లిన మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ గీతను చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు దేవదానాన్ని సైకిల్ మీద బడికి తీసుకుపోవడం గుర్తొచ్చింది. వంద.

వెంటనే ఫోన్ మోగింది. అవతల ఎవరో కేకలేస్తున్నారు. లూదియా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పదకొండు పేజీలేనా? అలా ఎలా?"

ఆ ఒక్క క్షణం చాలింది. శాంసన్ పిస్టల్ లాక్కుని ఆమె చేతులు వెనక్కి కట్టేశాడు. అలికిడికి శేషయ్య ఉలి పట్టుకుని వచ్చి ఇద్దరినీ చూశాడు.

"ఏందప్పా ఇది?"

"పెద్దాయనా, పన్నెండో పేజీ ఏమైంది?"

"కన్నుదా? తీసేసి మిగిలిందే పెట్టినా. కన్ను మేం ఊరికే పంపియ్యము. మా నాయన గూడా అంతే. కావల్లంటే మనిషే ఈడికి రావల్ల, ఎదురుగ్గా కూర్చోవల్ల, అప్పుడు గీసిస్తాం."

"మరి ఆ పేజీ ఎక్కడుంది?"

శేషయ్య కంప్యూటర్ ఎదురుగా ఉన్న ఉలుల పెట్టె కిందనుంచి మడిచిన కాగితం తీసి దుమ్ము దులిపాడు.

"ప్రింటు తీసి ఈడనే పెట్టినా. పొద్దున్నుంచి ఆయమ్మ దీనెదురుగానే కూర్చోనుంది," అన్నాడు. "అడిగింటే ఇచ్చింటి కదప్పా."