ప్రెసిడెంట్‌గారి షిఫ్టు మారింది

హోం మినిస్టర్‌ని ఎవరో కాల్చి చంపే సమయానికి సీక్రెట్ ఏజెంట్ ఉడుము గోల్‌మురి బజార్లో సమోసా తింటున్నాడు. తప్పు అతనిది కాదు. బంగార్రాజు నెట్ కేఫ్ కింద శనివారం సాయంత్రం వేసే సమోసా ముందు ఏ దేశభద్రతయినా కాసేపు ఆగాల్సిందే.

మెట్లెక్కి తన కంప్యూటర్ ముందు కూర్చునేసరికి స్క్రీన్ నిండా ఎర్రక్షరాలు. "హోం మినిస్టర్ హతం! ఉత్తర కూటమి కుట్ర!"

నవ్వకండి. 2006లో ఇంటర్నెట్ మీద ఆడే ఆటే కావచ్చు గానీ, సువర్ణరేఖ రిపబ్లిక్ అంటే మూడొందల మంది పౌరులున్న దేశం. జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళు కొందరు మొదలుపెట్టి, ఊరి పక్కన పారే నది పేరు పెట్టుకున్నారు. అసెంబ్లీ ఉంది, ఎన్నికలున్నాయి, పన్నులున్నాయి, పన్నులు ఎగ్గొట్టేవాళ్ళూ ఉన్నారు. ఉత్తర కూటమి అనే శత్రుదేశం కూడా ఉంది. ప్రెసిడెంట్ పేరు ధ్రువ. ఆయన నమ్మిన గూఢచారి ఉడుము. పట్టు పట్టాడంటే వదలడు. మిగతా వేళల్లో అతని పేరు సునీల్, టాటానగర్ స్టేషన్లో బుకింగ్ క్లర్కు.

ఇంటెలిజెన్స్ చీఫ్ విండో తెరుచుకుంది. ఆ చీఫ్ అసలు పేరేమిటో, ఏ ఊళ్ళో ఉంటాడో ఎవరికీ తెలీదు.

"నదిలో నీళ్ళెంత?"

"మోకాలి లోతు."

"కోడ్ ఓకే. టాప్ సీక్రెట్, ఉడుమూ. ఉత్తర కూటమికి అమ్ముడుపోయిన మన సభ్యులు రేపు సాయంత్రం అసెంబ్లీలో తీర్మానం పెడుతున్నారు. ధ్రువనీ, మేనకనీ నడిపేది ఒకే మనిషట. మన ప్రెసిడెంట్ నకిలీ అట."

"ఇంపాసిబుల్ సార్."

"రుజువైతే రెండు అకౌంట్లూ డిలీట్. రాజధాని వాళ్ళ పాలు. హోం మినిస్టర్ పోయాడు కాబట్టి ఇటూ అటూ ఓట్లు సమానం. నీ రిపోర్టే ఫైనల్. నిజం కనుక్కో."

మేనక! డబుల్ ఏజెంట్. ఊదారంగు చీర, నడుముకి పిస్టల్, ఎడమకంటి కింద పుట్టుమచ్చ. ఉత్తర కూటమికి మన రహస్యాలు అమ్ముతున్నట్టు నటిస్తూ, వాళ్ళవి ధ్రువకి చేరవేసేది. ఆ బొమ్మ చూసి నిట్టూర్చని మగపౌరుడు సువర్ణరేఖలో లేడు. చీఫ్ రెండుసార్లు ఆమెను అరెస్టు చెయ్యబోతే రెండుసార్లూ ధ్రువ అడ్డుపడ్డాడు. "ఆవిడ జోలికి వెళ్ళకండి. ఆవిడెవరో నాకు తెలుసు" అన్నాడు.

ఉడుము ఇద్దరి లాగిన్ టైములూ తెరిచాడు. వేరే ఊరివాడికి అవి ఉత్త అంకెలు. ఉక్కు కర్మాగారం షిఫ్టుల మీద నడిచే జంషెడ్‌పూర్‌లో పుట్టినవాడికి కాదు. ధ్రువ ఒక వారం సాయంత్రాలు, ఒక వారం పొద్దుటిపూట, ఒక వారం మధ్యాహ్నాలు వచ్చేవాడు. ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు! అతను డ్యూటీలో ఉన్న వేళల్లోనే మేనక వచ్చేది. అతని షిఫ్టు మారితే ఆమె వేళలూ మారేవి. అంటే ఒకే ఇల్లు, ఒకే కంప్యూటర్. మనుషులు మాత్రం ఇద్దరు.

కానీ రెండు నెలల నుంచి ధ్రువ రోజూ దీపాలు పెట్టే వేళకే వస్తున్నాడు. అతను వెళ్ళగానే మేనక వస్తోంది. షిఫ్టు మనిషికి రెండు నెలలపాటు షిఫ్టు మారకపోవడమేమిటి?

మేనకకి మెసేజ్ పెట్టాడు. "మీ ఇంటి డ్యూటీ చార్టు నాకు తెలిసిపోయింది. రేపు పొద్దున సిద్ధగోరా మార్కెట్ టీ బడ్డీ. పాత కోడే."

ఆదివారం పొద్దున టీ బడ్డీ దగ్గర మారువేషంలో నిలబడ్డాడు. నల్ల కళ్ళజోడు, మంకీ క్యాప్. జేబులో అధునాతన పరికరం, అంటే కొత్తగా కొన్న పెన్‌డ్రైవ్. ఊదారంగు చీర కోసం చూస్తుంటే, వెలిసిపోయిన నూలుచీరలో, చేతిలో కూరల సంచితో ఒకావిడ వచ్చి ఎదురుగా ఆగింది.

"నదిలో నీళ్ళెంత?" అన్నాడు గొంతు మార్చి.

"నువ్వు గార్డు గణపతిరావుగారబ్బాయివి కదూ?" అందావిడ. "మీ అమ్మ జోగమ్మగారు బాగున్నారా?"

కళ్ళజోడు తీశాడు. ఆవిడ ఇంద్రజ. షిఫ్ట్ ఇంజనీర్ సీతారామరావుగారి భార్య. ఆ సీతారామరావుగారు మెదడు మలేరియాతో పోయి రెండు నెలలు దాటింది.

పన్నెండో రోజు భోజనానికి సునీల్ అమ్మని స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. తనూ కూర్చుని, పప్పు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. మూడేళ్ళు ఏ మనిషి మాట కోసం నిద్ర మానుకుని పనిచేశాడో, ఆ మనిషి చావుభోజనం తిని, చెయ్యి కడుక్కుని, తిన్నగా కేఫ్‌కెళ్ళి ఆయనకే రిపోర్టు పంపాడు. ఆ వారంలోనే "ఓకే ఉడుమూ" అని జవాబు కూడా వచ్చింది.

సునీల్ బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏటిదక్కా... మా ప్రెసిడెంటుగారు ఆయనా?"

ఆవిడ పక్కన కూర్చుంది.

"అనుమానం తమ్ముడూ. కంప్యూటర్ ముందు కూకుని ఎవత్తెతో కబుర్లాడతన్నారో చూద్దామని, ఆయన డ్యూటీకెళ్ళాక నేనే మేనకనయ్యాను. ఊదాచీర చూసి పడిపోతారా లేదా అని పరీక్ష." నవ్వబోయి ఆగిపోయింది. "మిషన్ గురించి రెండు ముక్కలు రాసి, ఆఖర్న 'అన్నం తిన్నావా?' అని అడిగేవారు. రోజూ అంతే. ఇంట్లో నన్ను ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు. మొహం తెలీని దాన్నడుగుతారా అని ఒళ్ళు మండిపోయేది. ఒక్కసారీ జవాబివ్వలేదు. నిలదీద్దామనుకుంటన్నా, ఈలోగా జ్వరం వచ్చింది."

టీ చల్లారిపోతోంది. ఇద్దరూ ముట్టుకోలేదు.

"నెలాఖరుకి క్వార్టర్ వదిలెయ్యాలి. సామాన్లు కట్టేత్తన్నా. ఆయన రాసినవన్నీ ఆ అకౌంట్లలోనే ఉన్నాయి. ఆయన కట్టిన ఊరుంది. అందుకే ఆయన పోయాక ఆయన పేరు మీదా నేనే వస్తన్నా. అవీ పోతే నాకింకేటీ మిగలదు. పట్టిత్తావా నన్ను?"

సునీల్ కళ్ళజోడు చేతిలో తిప్పుతూ అన్నాడు.

"అక్కా, మూడేళ్ళు ఆయన కింద పనిచేశాను. నన్నెప్పుడూ అన్నం తిన్నావా అనలేదు. చీఫ్‌నీ అనలేదు, ఏ మంత్రినీ అనలేదు. మిమ్మల్ని అరెస్టు చేత్తామంటే మాత్రం, ఆవిడ జోలికి వెళ్ళకండి, ఆవిడెవరో నాకు తెలుసన్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు."

ఇంద్రజ చేతిలోని సంచి జారి టమాటాలు రోడ్డు మీదికి దొర్లాయి. ఆవిడ చూడలేదు.

"తెలుసా? తెలిసి నాతో ఒక్క మాటనలేదేం?"

"అంటే మీరు రావడం మానేత్తారని అయ్యుంటది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సునీల్ వంగి టమాటాలు ఏరాడు. దేశాన్ని కాపాడాల్సిన మనిషికి ఇంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు. సంచి నింపి ఆవిడ పక్కన పెట్టి, మెల్లగా అడిగాడు.

"మేనక పాస్‌వర్డ్ ఇయ్యండక్కా."

సాయంత్రం అసెంబ్లీ కిక్కిరిసింది. సునీల్ కేఫ్‌లో పక్కపక్కనున్న రెండు కంప్యూటర్లు తీసుకున్నాడు. ఒకదాంట్లో ఉడుముగా సభలో ఉన్నాడు. అటు సిద్ధగోరాలో ఇంద్రజ, ధ్రువగా ప్రెసిడెంట్ కుర్చీలో ఉంది.

కుట్రదారుల నాయకుడు కర్కోటక్ లేచాడు. "ధ్రువ, మేనక ఏనాడైనా ఒకేసారి సభలో కనబడ్డారా? ఇద్దరూ వేరైతే మేనకని ఇప్పుడే రప్పించండి! ఒక్క నిమిషం టైమిస్తున్నాం!"

స్క్రీన్ మీద అంకెలు తగ్గుతున్నాయి. సునీల్ రెండో కంప్యూటర్లో మేనక పాస్‌వర్డ్ కొట్టాడు. అది బిగుసుకుపోయింది.

"బంగార్రాజన్నా, హ్యాంగైపోయింది!"

"అరే రుకో యార్, కొట్టకు దాన్ని!" బంగార్రాజు వచ్చి ఏదో వైరు పీకి గుచ్చాడు. పది. ఏడు. నాలుగు. రెండు.

"మేనక సభలోకి ప్రవేశించారు."

ధ్రువ పేరు పక్కన పచ్చచుక్క. మేనక పేరు పక్కన పచ్చచుక్క. మూడేళ్ళలో ఆ మొగుడూ పెళ్ళాం ఒకేసారి కనబడటం అదే మొదలు. ఏం లాభం? అందులో ఒకరు లేరు, ఇంకొకరికి మీసాలున్నాయి.

"ఉడుమూ, ఫైనల్ రిపోర్ట్!" అన్నాడు చీఫ్. "ప్రెసిడెంట్ రోజూ ఒకే వేళకి ఎందుకొస్తున్నాడు?"

సునీల్ మొదటి కంప్యూటర్ వైపు తిరిగాడు. మూడేళ్ళ సర్వీసులో అబద్ధపు రిపోర్టు ఇచ్చి ఎరగడు.

"షిఫ్టు మారింది సార్. ఇప్పుడు జనరల్ షిఫ్టు. ఇక మారదు."

ఓట్లు పడ్డాయి. తీర్మానం వీగిపోయింది. కర్కోటక్ సభ వదిలి పారిపోయాడు. పౌరులు టపాకాయల బొమ్మలు పేలుస్తున్నారు.

అప్పుడు రెండో కంప్యూటర్లో ఒక మెసేజ్ వచ్చింది. ధ్రువ నుంచి మేనకకి.

"అన్నం తిన్నావా?"

ఇన్నాళ్ళూ ఆవిడ జవాబివ్వని ప్రశ్న అది. సునీల్ మీసం తుడుచుకుని, ఒక్కొక్క అక్షరమే కొట్టాడు.

"తిన్నాను. మీరు?"

కాసేపటికి ధ్రువ పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోయింది.

"క్యా హువా భాయ్?" బంగార్రాజు వంగి చూశాడు. "ఓడిపోయావేటి, కళ్ళంట నీళ్ళు?"

"లేదన్నా" అన్నాడు ఏజెంట్ ఉడుము. "గెలిచాం."