గురవమ్మ చేతులు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

ఎనభై నాలుగో సంవత్సరం వేసవి. సత్తెనపల్లి అవతల ఆ పల్లె కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు నెత్తుటి మడుగుల్లా మెరుస్తున్నాయి. ఆకాశాన్ని కారుమబ్బులు కమ్మేస్తున్నాయి. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది...

ఊరి చివర, పొగాకు కాల్చడం ఎప్పుడో మానేసిన పాడు బ్యారన్‌లో, అగ్నిగుండం ముందు కూర్చున్నాడు క్షుద్రమాంత్రికుడు సింగరయ్య. ఎదుట కుంకుమ పూసిన కపాలం! అది గురవమ్మది. కొన్నేళ్ల కిందట బిడ్డ అడ్డం తిరిగి, కాన్పు కాక, నొప్పులతోనే ప్రాణం విడిచిన అభాగ్యురాలు. శ్మశానంలో ఆమె కపాలాన్ని తవ్వి తీసి, ఆత్మను దాసిగా బంధించాడు వాడు. మరొక్క తొలిచూలు తల్లి అదే విధంగా చస్తే, మహాశక్తి వాడి వశం!

"పో! బాలత్రిపురసుందరి గర్భంలో దూరు! శిశువును అడ్డం తిప్పు!"

గుప్పెడు మిరపకాయలు గుండంలో పడ్డాయి. కపాలం కళ్లగుంటల్లోంచి నల్లటి పొగ లేచి ఊరివైపు సాగింది...

అప్పుడే ఊళ్లో తన అత్తవారింట్లో, తొలిచూలు నెలలు నిండిన బాలత్రిపురసుందరిని నర్సు కరీమున్ పరీక్షిస్తోంది.

"ఇదుగో, కింద గుండ్రంగా గట్టిగా తగులుతోందే, అది తల. పైన మెత్తగా ఉన్నవి పిర్రలు. బిడ్డ సరిగ్గానే ఉంది తల్లీ, భయం లేదు."

సుందరి నవ్వబోయింది. ఆ నవ్వు పెదాల మీదే గడ్డకట్టింది!

కడుపు అలలా పొంగింది... కరీమున్ అరచేతుల కిందే ఆ గట్టి తల పక్కకు జారిపోయింది!

"యా అల్లా! బిడ్డ అడ్డం తిరిగింది!"

"అయ్యో! జీపు మాట్లాడి గుంటూరు తీసికెళ్దాం నర్సమ్మా!" అత్త శ్యామలాంబ గుమ్మంవైపు పరుగెత్తింది. తలుపులు ధడాలున మూసుకున్నాయి. ఎంత లాగినా రాలేదు!

సుందరి లేచి కూర్చుంది. కనుగుడ్లు తెల్లగా తేలిపోయాయి. గొంతు ఆమెది కాదు...

"చంపుతా! నా బిడ్డ రాలేదు... ఏ బిడ్డా రాకూడదు!"

"ఎ... ఎవరే నువ్వు?" అంది శ్యామలాంబ.

"గురవమ్మను!"

శ్యామలాంబ గోడకు చేరగిలబడిపోయింది. ఆ చావు ఊళ్లో తెలియనిదెవరికి? కరీమున్ మాత్రం మంచం వదల్లేదు.

"గురవమ్మా... నీ బిడ్డ ఎందుకు రాలేదో నీకెవరైనా చెప్పారా?"

"నా పాపం అన్నారు! కడుపులో రాక్షసుడున్నాడన్నారు!"

"కాదమ్మా. చెయ్యి ఇటు తే..." మంచులా చల్లబడిన ఆ చేతుల్ని సుందరి కడుపు మీదే ఆనించింది కరీమున్. "ఈ పక్కన తల, ఆ పక్కన పిర్రలు. అడ్డంగా పడుకుంటే బిడ్డకు దారి దొరకదు. నీ బిడ్డా ఇలాగే చిక్కుకుపోయింది. అంతేగానీ నీ పాపం కాదు."

చేతులు తడిమాయి... ఆగాయి... మళ్లీ తడిమాయి. లోపలినుంచి ఓ చిట్టిపాదం ఆ అరచేతిని తన్నింది!

"ఆ రోజు నా కడుపులోనూ ఎవరో దూరారు... ఇలాగే తిప్పారు... ఇప్పుడు నన్ను పంపినవాడే ఆనాడూ..." ఉన్నట్టుండి ఆ గొంతు ఇల్లదిరేలా గర్జించింది. "సింగరయ్యా!!"

ఆపైన ఆ చేతులే ఎంతో మెల్లగా, నిద్రపోయే పసికందును ఒత్తిగిలించినట్టు, బిడ్డ తలను కిందికి జరిపాయి. సుందరి నోట్లోంచి నల్లటి పొగ వెలువడింది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి!

బ్యారన్‌లో గుండం భగ్గున ఎగిసింది. మిరపకాయల ఘాటు గుప్పుమంది. తలుపు బిగుసుకుపోయింది!

"ఆగు! నేను నీ యజమానిని! ఓం... హ్రీం..."

దగ్గుతెరలో మంత్రం తెగిపోయింది. ఊపిరాడక గోడ పాకి, పైనున్న ఇరుకు కంతలోంచి బయటపడబోయాడు. భుజాలు ఇరుక్కున్నాయి. ముందుకూ రాలేడు, వెనక్కూ పోలేడు. లోపలినుంచి రెండు చల్లని చేతులు వాడి నడుమును పట్టుకుని... మెలితిప్పాయి!

ఆ కేక కళ్లాల దాకా వినబడింది. వానలో తడుస్తూ జనం చేరేసరికి, కంతలో అడ్డంగా వేలాడుతోంది సింగరయ్య శవం.

ఆ సాయంత్రమే సుందరికి నొప్పులొచ్చాయి.

"తలే ముందొస్తోంది! ముక్కు తల్లీ, ముక్కు!"

ఆడపిల్ల కేరుమంది. ఆ ఏడుపుతోపాటు, గదిలో దీపం వెలుగు చేరని మూలనుంచి మరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడుస్తున్న చప్పుడు...

ఎవరూ అటు తిరిగి చూడలేకపోయారు. శ్యామలాంబ ఒక్కతే ఆ ఖాళీ మూలకు చేతులు జోడించింది.

"వచ్చిందమ్మా... బిడ్డ వచ్చింది. చూసి వెళ్లు."

మూలలోని ఏడుపు ఆగిపోయింది. ఆ తర్వాత వానచప్పుడు ఒక్కటే మిగిలింది.