గన్ను ముక్కుకు పసుపు దారం

సాయంత్రం ఆరు గంటలు. పొద్దటి నుంచి పట్టిన ముసురు ఇంకా విడవలేదు.

యాకుత్‌పురాల ఆటో ఎక్కి ధూల్‌పేట్‌ల దిగిన. చేతిల టిఫిన్ డబ్బా. చవితి దగ్గర పడ్డది. గల్లీకి రెండు దిక్కులా వినాయకులే. రంగులు పడనివి, కండ్లు దిద్దనివి. తడవకుండా ప్లాస్టిక్ కవర్లు కప్పి తాళ్లతో బిగించిండ్రు. గాలి కొట్టినప్పుడల్లా కవర్లు ఉబ్బుతున్నయి, మళ్ల లోపలికి పోతున్నయి. ఊపిరి తీసుకుంటున్నట్టు.

మా ఆయన కృపాకర్ వడ్లపని చేస్తడు. ఈ నెల మొత్తం రామ్‌చందర్ సేటు షెడ్డుల బొమ్మల కింద పెట్టే కట్టె పీటలు కొడతడు. మేము చర్చికి పోయేటోళ్లం. అయినా వానాకాలంల మా ఇల్లు నడిచేది వినాయకుడి పీటల మీదనే. మా అత్త ఆగమ్మ దానికి నవ్వుతది. "ఆయనకు పీట కొడితే ఈయన కోపం చేస్తడా, ఇద్దరూ దేవుళ్లే గదా" అంటది.

మా బిడ్డ షారోన్ కూడా తండ్రితోనే పని చేస్తది. ఐటీఐల నేర్చుకున్నది. మిషన్ల దగ్గర దానికి మస్తు పట్టింపు. కండ్లద్దాలు పెట్టుకోనిది కటింగ్ మిషన్ ముట్టదు. జుట్టు ముడి వేసుకుంటది, ఫుల్ చేతుల చొక్కా గుండీలు బిగించుకుంటది. మొలలు కొట్టే గన్ను పట్టుకుని నడిస్తే ట్రిగ్గర్ మీద వేలు పెట్టదు. మొల ఇరుక్కుంటే ముందు బ్యాటరీ గుంజుతది, తర్వాతనే చెయ్యి పెడతది.

"వచ్చింది మా సేఫ్టీ ఆఫీసర్" అని తండ్రి ఆటపట్టిస్తడు.

"నవ్వు డాడీ. పది వేళ్లు ఉన్నంతసేపు నవ్వు" అంటది అది.

ఆ మొలల గన్ను మాది కాదు. అంటే ముందు మాది కాదు. షెడ్డు వెనక గల్లీల ఉండే మాణిక్యమ్మ దగ్గర కొన్నం. ఆమె మొగుడు ఓదెలు ఇదే షెడ్డుల పని చేసేటోడు. మొన్న ఎండాకాలం పోయిండు. పనిల ఉండంగనే పోయిండన్నరు. ఎట్ల అని మేము అడగలేదు. చావు అయిన ఇంట్ల ఏమడుగుతం? వైరు లేని గన్ను, బ్యాటరీ మీద నడుస్తది. కరెంటు పోయినా పని ఆగదని మా ఆయన మురిసిండు.

ఇంటికి తెచ్చి సంచిల నుంచి తీసినప్పుడే దాని ముక్కుకు పసుపు దారం ఉంది. దసరాకు పనిముట్లకు కడతరు కదా, గట్లాంటి దారం. ముక్కు అంటే మొల బయటికి వచ్చే కొస. దాన్ని చెక్కకు ఆనించి ఒత్తితే కొంచెం లోపలికి పోతది. అప్పుడు గానీ ట్రిగ్గర్ పని చెయ్యదు. చేతుల పట్టుకుని ఊరికె నొక్కితే మొల రాదు. మనిషికి తగలకుండా గట్ల పెట్టిండ్రు. ఆ దారమేమో ముక్కును లోపలికి గుంజి కట్టి ఉంది. అంటే గన్ను ఎప్పుడూ ఒత్తి ఉన్నట్టే. వేలు తగిలితే చాలు.

షారోన్ ఆ రోజే చెప్పింది. "డాడీ, గిది కోసెయ్యి."

"వాళ్ల పూజ దారం బిడ్డా. చర్చికి పోయేటోళ్లం మనం కోస్తే ఏం మంచిగుంటది? మాణిక్యమ్మ చూస్తే మనసు కష్టపెట్టుకుంటది."

"పూజ దారమైతే పిడికి కడతరు. ముక్కుకు ఎవరు కడతరు?"

"వాళ్ల పద్ధతి నీకేం తెలుసే? అయినా కోయొద్దు, పని జల్ది అయితుంది" అన్నడు.

అప్పటి నుంచి ఆ దారం మీద ఇంట్ల రోజూ లొల్లే.

షెడ్డుల కాలు పెట్టంగనే తడిసిన గడ్డి వాసన, మట్టి వాసన, రంపపు పొట్టు వాసన. రేకుల మీద వాన. లోపల చివర ఒక పెద్ద బొమ్మ, ఇంకా తల పెట్టలేదు. దాని భుజానికి నిచ్చెన ఆనించి ఉంది. బొమ్మ వెనక అంతా చీకటి.

షారోన్ నా దగ్గరికి వచ్చి డబ్బా అందుకుంది. చెవిల చెప్పింది. "పొద్దున కోసిన మమ్మీ. పారెయ్యలే, కాగితంల మడిచి గూట్ల పెట్టిన. ఆయనకు చెప్పకు."

నా పాణం కుదుటపడ్డది.

అప్పుడే మా ఆయన పీట మీద వంగి కొడుతున్నడు. టప్. టప్. టప్. ఒత్తకుండనే. ఊరికె ఆనించి.

షారోన్ ముఖం మారింది. దగ్గరికి పోయి చూసింది. నేనూ చూసిన.

ముక్కుకు దారం ఉంది. పసుపు పచ్చగ. తడిగ.

"మళ్ల కట్టినవా డాడీ?"

"ఏంది కట్టేది? కోసిందెవరు?"

షారోన్ గూట్ల కాగితం తీసి విప్పింది. లోపల పసుపు మరక ఉంది. దారం లేదు.

"నాతోని పరాచికాలా?" మా ఆయన కండ్లెర్ర చేసిండు. షారోన్ ఆయన చేతిల నుంచి గన్ను తీసుకుంది. బ్యాటరీ గుంజింది. గన్ను బల్ల మీద పెట్టింది. కత్తి కోసం చూసింది.

కరెంటు పోయింది.

గల్లీ అంతా ఒక్కసారి నల్లబడ్డది. ఎక్కడో పిల్లలు ఓ అని అరిచిండ్రు, తర్వాత అదీ లేదు. వాన ఒక్కటే.

"సేటు ఇంట్ల చార్జింగ్ లైటు ఉంది, తెస్త. కదలకుండ్రి" అని మా ఆయన పోయిండు. ఆయన చెప్పుల చప్పుడు నీళ్లల్ల దూరమైంది.

షారోన్ బ్యాటరీ నా చేతిల పెట్టింది. వెచ్చగ ఉంది. "పట్టుకో మమ్మీ. ఇది లేకుంటే అది ఒట్టి ఇనుము." పీట అంచుకు కూసున్నది. నేను పక్కన. నా ఫోను ఇంట్లనే మరిచిపోయిన. షారోన్ ఫోను సంచిల ఉంది, సంచి తలుపు దగ్గర ఉంది. రెండు నిమిషాల చీకటికి ఫోనెందుకు అనుకున్నం.

రేకుల సందుల నుంచి నీళ్లు కారుతున్నయి. కవర్లు ఉబ్బి పోతున్నయి. బీడీ వాసన వచ్చింది. మా ఆయన బీడీ తాగడు.

"మమ్మీ... నీకు వాసన..."

"ఊకో."

టప్.

లోపలి నుంచి. పెద్ద బొమ్మ వెనక నుంచి.

నా చేతిల బ్యాటరీ. గట్టిగ పట్టుకున్న. ఉంది. నా చేతిలనే ఉంది.

"ఎలుక ఏమన్న పడేసిందా..." అన్న.

షారోన్ బల్ల మీద తడిమింది. దాని గోళ్లు చెక్క మీద గీసుకున్న చప్పుడు విన్న. అటు. ఇటు.

"గన్ను లేదు మమ్మీ."

టప్.

ఈసారి పైన. నిచ్చెన మీద ఎక్కడో. పచ్చి కట్టెల మొల దిగితే ఒక చప్పుడు ఉంటది. ఇన్నేండ్లు విన్న. గదే.

"ఏమయ్యో" అని పిలుద్దామనుకున్న. నోరు పెగలలేదు. యేసయ్యా అనుకున్న. అదీ నోట్లనే ఉంది.

కిర్రు. నిచ్చెన మెట్టు. ఎవరో బరువు వేసినట్టు. కాసేపు ఏం లేదు... మళ్ల కిర్రు. కింది మెట్టు. బీడీ వాసన ఎక్కువైంది. దాంతోని పసుపు వాసన, తడిసిన పసుపు.

టప్.

పీటకు అటు కొసన. చెక్క అదిరింది. నా తొడల కిందికి తెలిసింది.

టప్. ఇంకా దగ్గర.

"లెయ్యి బిడ్డా" అన్న. "లెయ్యి, పోదాం."

"లేస్త లేను."

"ఏంది?"

"నా చెయ్యి... మమ్మీ, నా చెయ్యి..."

టప్. టప్. టప్.

తడిమిన. షారోన్ ఎడమ చెయ్యి పీట మీద పరిచి ఉంది. వేలికి వేలికి నడుమ చల్లగ ఒక మొల తల తగిలింది. ఇంకో సందుల ఇంకోటి. చర్మానికి తగలకుండా, దర్జీ సూది గుచ్చినంత నేర్పుగ. మణికట్టు దగ్గర చొక్కా చేతిని గుండీతో సహా చెక్కకు దించేసి ఉంది. అది గుంజుతుంది. వస్త లేదు.

చీకట్ల మా రెండు ముఖాల నడుమ ఎవరో ఊపిరి వదిలిండ్రు.

షారోన్ ఏడుస్త లేదు. అదే నాకు ఇంకా భయం. బిగుసుకుపోయింది. దాని చేతి మీద నా చెయ్యి అడ్డం పెట్టిన. ఏదో ఇనుప కొస నా చేతి మీద ఆనింది. చల్లగ. చుట్టూ తడి దారం.

ఆనింది... ఒత్తలేదు. ఒత్తే పని లేదు దానికి.

"ఎవరది లోపల?"

వెనక తలుపు. టార్చి వెలుగు నేల మీద పడ్డది. మాణిక్యమ్మ. తల మీద కొంగు, చేతిల ఫోను.

"చప్పుడు వినొచ్చింది చెల్లె. కరెంటు లేదు గదా, ఎవరు కొడుతుండ్రని..."

మా దిక్కు చూసింది. పీట చూసింది. ముఖంల నెత్తురు లేకుండ పోయింది. కానీ ఆమె వెనక్కు పోలేదు. మా మీదుగా, పైకి చూసి మాట్లాడింది. పొద్దుపోయినంక మొగుణ్ని అన్నానికి పిలిచినట్టే పిలిచింది.

"ఏమయ్యా. చాలు. పని అయిపోయింది. కొట్టినంత చాలు. దిగిరా."

వాన.

నా చేతి మీద చల్లదనం పోయింది. ఏదో కింద పడ్డది. దొర్లింది. నా కాలికి తగిలి ఆగింది. గన్ను. బ్యాటరీ పెట్టే జాగ బోసిగ ఉంది. ముక్కుకు దారం ఉంది.

షారోన్ చొక్కా చెయ్యి పట్టి చింపిన. ఒక్క గుంజు గుంజితే చెయ్యి బయటికి వచ్చింది. వేళ్లు చూసిన. ముద్దు పెట్టుకున్న. ఒక్క గీత లేదు.

"అక్కా, ఆ దారం..." అన్న. "మీ పూజ దారమని మేము ముట్టలే. గౌరవంగనే ఉంచినం."

మాణిక్యమ్మ గన్నును చూసింది. దగ్గరికి రాలేదు.

"దసరాకు పిడికి కట్టింది నేను. దాన్ని తీసి ముక్కుకు కట్టుకున్నది ఆయన. ఒత్తుడు తప్పుతది, జల్ది అయితదని. నిచ్చెన దిగుతున్నడు, వేలు ట్రిగ్గర్ మీదనే ఉంది. జారి గన్ను ఛాతికి ఆనింది. ఆ దారం నేనే కోసిన చెల్లె. కోసి ఆయన చేతికే కట్టిన. ఆయనతోని పురానాపూల్ శ్మశానంల కట్టెల మీద కాలిపోయింది. నీకు ఇచ్చిననాడు దీని ముక్కుకు ఏం లేకుండె."

షారోన్ నా భుజం మీద తల పెట్టింది. కుడి చెయ్యి నా కొంగు కింద దాచుకుంది. సలి పెడుతుందేమో అనుకున్న.

మా ఆయన లైటు పట్టుకుని వచ్చిండు. "ఏంది, ముగ్గురు ముచ్చట పెట్టిండ్రా..." అనబోయి పీట మీద మొలలు చూసి ఆగిపోయిండు. ఎడమ చేతి ఆకారం, చుట్టూ మొలలు. గన్ను ముట్టుకోలేదు. షెడ్డుకు తాళం వేసిండు. తాళం చెవి తిప్పడానికి ఆయనకు మస్తు సేపు పట్టింది.

ఆటో ఎక్కినం. చార్మినార్ దగ్గర కరెంటు ఉంది. గాజుల దుకాణాలు మెరుస్తున్నయి. మనుషులు ఛాయ్ తాగుతుండ్రు. చూస్తే ఏడుపు వచ్చింది.

ఇంటికి వచ్చినం. బ్యాటరీ ఇంకా నా పిడికిట్ల ఉంది. పొయ్యి బండ మీద పెట్టిన. అత్త పళ్లెం ముందర కూసుని "అందరు వచ్చిండ్రా?" అని అడిగింది. ఆమెకు కండ్లు సరిగ కనపడయి. మేము బయటికి పోయివచ్చిన ప్రతిసారి గట్లనే అడుగుతది. నేను ఒక్కొక్కరి పేరు చెప్పాలె.

"చెప్తనత్తా" అన్న.

షారోన్ తినకుండనే చాప మీద పడుకుంది. దుప్పటి కప్పుదామని వంగిన. కుడి చెయ్యి బయట ఉంది. మణికట్టుకు ఏదో ఉంది.

పసుపు దారం. తడిగ.

కత్తెర తెచ్చిన. దారం కిందికి కత్తెర కొస పెట్టిన.

షారోన్ కండ్లు తెరవలేదు. పెదవులే కదిలినయి.

"కోయొద్దు మమ్మీ. పని జల్ది అయితది."

ఆ మాట దానిది కాదు. గొంతు దానిదే. నేను కత్తెర కింద పెట్టిన.

దాని కుడి చేతి చూపుడు వేలు మెల్లగ వంగింది. చాపుకుంది. మళ్ల వంగింది.

"ఎవరెవరు వచ్చిండ్రే?" అత్త మళ్ల అడిగింది.

లెక్కపెడుతున్న. మా ఆయన వచ్చిండు. నేను వచ్చిన. షారోన్...

షారోన్ దగ్గరికి రాంగనే ఆగిపోతున్న. మళ్ల మొదటి నుంచి మొదలు పెడుతున్న.